గూడు దొరికింది సరే, తర్వాత ఏమైంది?

ఎండాకాలం గూళ్ల సర్వేకు ముందు నల్లగొండలో వలంటీర్లకు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినం.

అందరికీ నమస్తే. వెనుక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నయి. పాలమూరు నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నరు, వాళ్లకు జర ముందు చోటియ్యండి.

మన జిల్లాల్లో ఏ పిట్టలున్నయో మనకు తెలుసా? చాలావరకు తెలుసు. 1931-32లోనే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిండు, మన అమ్రాబాద్ గుట్టలు కూడా అందులో ఉన్నయి. ఇప్పుడు చూసిన పిట్టలను ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైటు ఉంది, జనవరిలో నీటిపక్షుల లెక్క ఉంది, మీరు ఆదివారం ఆదివారం చెరువు కట్టల మీద నడిచి రాసే జాబితాలున్నయి. ఏ పిట్ట ఎక్కడ కనపడ్డదో చెప్పగలుగుతం. కానీ ఆ పిట్ట ఇక్కడ పిల్లల్ని చేస్తున్నదా? చేసిన పిల్లలు ఎగిరేదాకా బతుకుతున్నయా? ఇది అడిగితే మాత్రం మన జాబితాలు నోరు విప్పవు.

ఎందుకంటే ఎదిగిన పిట్టలు కరెంటు తీగ మీద కనపడుతున్నంతకాలం అంతా బాగే ఉందనుకుంటం. గూళ్లు వరుసగా పాడైపోతున్నా ఆ తీగ మీద పిట్టలు కొన్నేళ్లు కనపడుతనే ఉంటయి. తగ్గినయని మనకు తెలిసేసరికి చెయ్యి దాటిపోతది. గూడు దగ్గర చూస్తే ఆ సంగతి ముందే తెలుస్తది. అందుకే ఈ సర్వే. గూడు వెతికి పట్టుకున్నప్పుడు సంతోషమైతది, నిజమే. కానీ ఆ రోజు మీ పని మొదలైనట్టు, అయిపోయినట్టు కాదు. ఆ గూడు చివరికి ఏమైందో రాసిననాడే పని అయిపోయినట్టు.

మన దగ్గర గూళ్ల కాలం రెండు ముక్కలు. మొదటిది ఎండాకాలం, మార్చి నుంచి మే దాకా, కొన్నిటికి జూన్ దాకా. పాలపిట్ట, గోరింక, పసిరిక పిట్ట – ఇవి తొర్రల్లోనో మట్టి బొరియల్లోనో పెట్టేవి. తీతువులు రెండు రకాలు – ఇవి నేల మీద పెట్టేవి. రెండో ముక్క వానకాలం, మృగశిర కార్తె పడ్డాక. గిజిగాడు, తెల్లకొంగలు, గుడ్డికొంగలు, నీటికాకులు, చెరువుల్లో తామరాకుల మీద జకానాలు. ఎందుకిట్ల వేరు వేరుగా? గిజిగానికి అల్లుకోను పచ్చి గడ్డి, వరి ఆకు కావాలె. కొంగకు చెరువు నిండాలె, కప్పలు, చేపపిల్లలు దొరకాలె. పసుపు తీతువుకేమో దానికి పూర్తిగా తలకిందులు, ఎండిపోయి బోసిగున్న చెల్క కావాలె. గడ్డి పెరిగితే కుక్క వచ్చేది దానికి కనపడదు. గుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబ ఈ రెంటికన్నా ముందే చలికాలంలో మొదలుపెడ్తది. దాని తావు దగ్గరికి ఈ సర్వేలో ఎవ్వరూ పోవద్దు, ఎందుకో తర్వాత చెప్త.

ముందు ఒక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏంటిదో రాసిన చోటనే, అడవి పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గుడ్లనో గూళ్లనో ఇబ్బంది పెట్టడం కూడా వేట కిందికే వస్తదని ఉంది. తుపాకి పట్టుకున్నోడు ఒక్కడే కాదు. మంచి ఉద్దేశంతోనే పోయి కొమ్మ వంచి గూడు చూసినా పిట్టకు నష్టం నష్టమే. కాబట్టి మనం గుడ్డు ముట్టుకోం. కొమ్మ నరకం. ఫొటోకు అడ్డమున్నదని ఆకు కూడా తుంచం. ఆ ఆకు ఎండ ఆపుతున్నది, కాకి కన్ను ఆపుతున్నది.

ఇప్పుడు తీతువు దగ్గరికొద్దాం. దీన్ని కొంచెం వివరంగా చెప్త, ఎందుకంటే మీలో ఎక్కువమందికి దొరికే మొదటి గూడు ఇదే, ఎక్కువగా పాడయ్యేదీ ఇదే.

నీళ్ల దగ్గర, చెరువు శిఖంలో, పొలాల పక్కన ఉండేది ఎర్ర తీతువు. నీళ్లకు దూరంగా చెల్కల్లో, రాళ్లురప్పల నేలల్లో ఉండేది పసుపు తీతువు, కండ్ల ముందట పసుపు తోలు వేలాడుతుంటది, నెత్తి మీద నల్ల టోపీ. రెండూ మామూలుగా నాలుగు గుడ్లు పెడ్తయి. గూడు అనడానికి ఏముండదు, నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, మేక పెంటికలు. గుడ్లు మట్టి రంగు, మీద నల్ల మచ్చలు, సన్న కొన లోపలికి తిరిగి ఉంటది. రెండడుగుల దూరంలో నిలబడి కూడా చూడలేరు.

మరి ఎట్ల పట్టుకోవాలె? మన వలంటీర్లు సాధారణంగా చేసేది ఏంటిదంటే, పిట్ట అరుస్తున్నది కాబట్టి ఇక్కడే ఉంటదని ముగ్గురు నలుగురు వరుసగా చెల్కలో నడుస్తరు. ఇదే గుడ్లు తొక్కే పద్ధతి. పిట్ట అరిచే చోట గూడు ఉండదు. మీరు దూరంగా ఉన్నప్పుడే అది గుడ్ల మీంచి లేచి, చప్పుడు చెయ్యకుండ నడుచుకుంట పోయి, దూరం పోయినంక అరుస్తది. మీరు దాని వెంట పోతే మిమ్మల్ని ఇంకా దూరం తీసుకపోతది. అందుకని మీరు వెనక్కి రండి. డెబ్బై, వంద మీటర్లు వెనక్కి వచ్చి గట్టు చాటునో, కారులోనో కూర్చోండి. అది తిరిగొస్తది. నాలుగడుగులు వేస్తది, ఆగుతది, చుట్టూ చూస్తది, మళ్లీ నాలుగడుగులు. ఒక చోట ఆగి, కాళ్ల మధ్యకు చూసుకుని, పొట్ట ఈకలు ఉబ్బించి, అటిటు కదిలి కూర్చుంటది. అదే తావు. దూరంలో ఒక తుమ్మచెట్టు, దగ్గర్ల ఒక బండ, ఈ రెంటినీ ఒక గీతలో గుర్తు పెట్టుకోండి. ఒకరు బైనాక్యులర్‌తో అక్కడే ఉండి ఫోన్‌లో దారి చెప్పాలె, ఒక్కరే నడవాలె, కాళ్ల కింద చూసుకుంట నడవాలె. గుడ్లు లెక్కపెట్టి, ఫోన్‌లో లొకేషన్ తీసుకుని, ఆగకుండ ముందుకు సాగిపోవాలె. వచ్చిన దారినే తిరిగి రావద్దు, గూడు దగ్గర మన కాలిబాట ఆఖరైతే ఆ వాసన పట్టుకుని వచ్చే కుక్క సరిగ్గా అక్కడే ఆగుతది. గూడు పక్కన పుల్ల పాతొద్దు, రిబ్బన్ కట్టొద్దు. కాకి తెలివైంది, రెండు రోజుల్లో నేర్చుకుంటది.

ఎన్ని గంటలకు పోవాలె? పొద్దున తొమ్మిది లోపల, సాయంత్రం ఐదు తర్వాత. ఇది మన సౌకర్యం కోసం పెట్టింది కాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తీతువు గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం అనుకుంటున్నరా? కాదు. నీడ ఇస్తున్నది. నిలబడి, రెక్కలు కొంచెం దించి నీడ పడ్తది. నీళ్లకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద ఆ తడి పెడ్తది. అట్లాంటప్పుడు మీరు పోయి పది నిమిషాలు దాన్ని లేపిన్రనుకోండి, ఎండల గుడ్లు ఉడుకుతయి. పైకి ఏమీ కనపడదు. పిట్ట మళ్లా వచ్చి కూర్చుంటది, ఇరవై ఎనిమిది రోజులు దాటినా కూర్చుంటనే ఉంటది, పిల్ల రాదు. మీ సర్వే కార్డులో ‘గుడ్లు పొదగలేదు’ అని రాస్తరు. కారణం మీరే అయ్యుంటరు.

పొదగడానికి ఇరవై ఎనిమిది నుంచి ముప్పై రోజులు పడతది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే గూడు విడిచి తల్లి వెంట నడుస్తయి. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. గోరింక గూడు ఖాళీగా కనపడితే ఒక అర్థం, తీతువు గుంట ఖాళీగా కనపడితే ఇంకో అర్థం. ఖాళీగా ఉంది కాబట్టి కుక్క తిన్నదని రాయొద్దు. వంగి గుంట అడుగున చూడండి. పిల్లలు పుట్టి పోయినవైతే గులకరాళ్ల సందుల్లో చిన్న చిన్న పెంకు రవ్వలుంటయి, ఆవగింజంత, జొన్నగింజంత. పెద్ద పెంకులను తల్లిదండ్రులే ఎత్తుకపోయి దూరంగా పడేస్తయి. పెద్ద పెంకు ముక్కలు, సొన మరకలు అక్కడే ఉంటే జంతువు పని. ఏమీ లేదు, రవ్వ కూడా లేదు అంటే పాము మింగి ఉండొచ్చు, కాకి ఎత్తుకపోయి ఉండొచ్చు, తేల్చలేం. అప్పుడేం రాయాలె? ‘తెలియదు’ అని రాయాలె. తెలియదు అనేది కూడా మనకు కావల్సిన సమాచారమే. ఊహించి రాసిందే మన లెక్కను పాడుచేస్తది.

ఇప్పుడు ఆ లెక్క. బోర్డు చూడండి. లెక్కలంటే భయపడేవాళ్లు కూడా చూడండి, గుణకారం తప్ప ఇంకేం లేదు.

అనుకుందాం, మనకు ఇరవై తీతువు గూళ్లు దొరికినయి. పది గూళ్లలో పిల్లలు పుట్టినయి, పది పాడైనయి. ఎంత శాతం గెలిచినట్టు? యాభై అంటరు. తప్పు. ఎందుకు తప్పు? గుడ్లు పెట్టిన రెండో రోజే కుక్క తినేసిన గూడు మీకు దొరకనే దొరకదు కదా. మీకు దొరికినవి అప్పటికే కొన్ని రోజులు నిలిచిన గూళ్లు. ముందే పోయినవి లెక్కలోకి రాలే. కాబట్టి మన యాభై ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే ఉంటది.

దీనికి హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికా పక్షి పరిశీలకుడు 1961లో ఒక దారి చూపించిండు. గూళ్లను లెక్కపెట్టొద్దు, గూడు-రోజులను లెక్కపెట్టమన్నడు. ఒక గూడు మీ కండ్ల ముందట పన్నెండు రోజులుంటే పన్నెండు గూడు-రోజులు. మన ఇరవై గూళ్లకు కలిపి రెండు వందల గూడు-రోజులు వచ్చినయనుకోండి. అందులో పది గూళ్లు పోయినయి. పదిని రెండు వందలతో భాగిస్తే రోజుకు నూటికి ఐదు పోతున్నయి, తొంభై ఐదు మిగులుతున్నయి. అంటే 0.95. గుడ్డు ఇరవై ఎనిమిది రోజులు నిలవాలె కాబట్టి 0.95ను ఇరవై ఎనిమిది సార్లు గుణించండి. ఎంతొచ్చింది? 0.24. యాభై శాతం అనుకున్నది నిజానికి ఇరవై నాలుగు. సగానికి తక్కువ!

ఈ లెక్క దేని మీద నిలబడ్డది? తేదీల మీద. మీరు మొదట చూసిన తేదీ, మధ్యల పోయిన ప్రతి తేదీ, ఆఖరి తేదీ. నాలుగో తేదీన గుడ్లున్నయి, ఎనిమిదో తేదీన లేవు అంటే ఆరో తేదీన పోయినట్టు మధ్యకు తీసుకుంటం. అదే మీరు నాలుగో తేదీ తర్వాత ఇరవై ఐదుకు పోయిన్రనుకోండి, ఏం తీసుకుంటం? ఆ గూడు లెక్కకు దాదాపు పనికిరాదు. అట్లని రోజూ పోవద్దు, రోజూ పోతే మన రాకతోనే పాడైతది. మూడు నాలుగు రోజులకొకసారి. దూరం నుంచి పిట్ట కూర్చున్నట్టు కనపడితే దగ్గరికి పోనే వద్దు, ‘కూర్చుంది’ అని రాసుకుని వచ్చెయ్యండి. ఒక్కరు మూడు గూళ్లకన్న ఎక్కువ ఒప్పుకోవద్దు. పది పట్టుకుని సగంలో విడిచిపెట్టే బదులు, రెండు గూళ్లు ఆఖరుదాకా చూసినోళ్లే మనకు కావాలె.

తొర్రల్లో పెట్టేవాటికి వేరే పద్ధతి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, దసరానాడు దాన్ని చూడాలని ఊరంతా బయల్దేరుతది. మరి అది గుడ్లు పెట్టేది ఎక్కడ? తల విరిగి ఎండిన తాటి మొద్దుల్లో, ముసలి చెట్ల తొర్రల్లో. తనంతట తాను చెట్టు తొలుచుకోలేదు, ఉన్న తొర్రనే వాడుకోవాలె. ఎండిన తాటిచెట్టు ఎందుకు పనికొస్తది అని కొట్టేసి పొయ్యిలోకో, ఇటుక బట్టీకో పంపుతరు. అందుకే ఈసారి మీ కార్డులో కొత్తగా ఒక గడి ఉంది. మీ దారిలో నిలబడి ఉన్న ఎండు తాటి మొద్దులు ఎన్ని? గూడు ఉన్నా లేకున్నా రాయండి. సున్నా అయితే సున్నా రాయండి, గడి ఖాళీగా విడవొద్దు. ఖాళీ గడి అంటే మీరు చూడలేదో, చూసినా లేదో మాకెట్ల తెలుస్తది?

తొర్రలో పిట్ట ఉందా అని మొద్దును కర్రతో కొట్టి చూసేవాళ్లుంటరు. వద్దు. యాభై మీటర్ల దూరంలో పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోండి. మేత పట్టుకుని లోపలికి పోయి ఖాళీ ముక్కుతో బయటకొచ్చిందంటే లోపల పిల్లలున్నట్టే. గుడ్లెన్నో, పిల్లలెన్నో మనకు అవసరం లేదు.

ఇక్కడ గౌడన్నల సాయం తీసుకోవాలె. కల్లు గీసే చెట్టు ఎక్కేవాళ్లకు ఏ చెట్టు మీద ఏముందో మనకంటే బాగా తెలుసు. తాటాకుల అడుగున అంటించుకుని గూడు పెట్టే పామ్ స్విఫ్ట్ సంగతి కింద నిలబడే మనకు ఏం తెలుస్తది? మర్యాదగా అడగండి, పని వేళ ఆపొద్దు, కిందికి దిగినంక మాట్లాడండి. ‘అన్నా, గూడు తెచ్చి చూపియ్యి’ అని మాత్రం పొరపాటున కూడా అనొద్దు. ప్రేమతో తెచ్చేస్తరు.

పసిరిక పిట్ట వాగు ఒడ్డున, మొరం తవ్విన గుంటల అంచులకు బొరియ తొలుస్తది. దీని దగ్గర ఒక చిక్కుంది. బొరియ మనకు కనపడే చోట నిలబడితే అది లోపలికి పోవడానికి వెనకాడతది, మనకు బొరియ కనపడదనుకున్నప్పుడు పోతది. దీని మీద పరిశోధనలున్నయి. మీరు చూస్తున్నంతసేపు నోట్లో తూనీగ పెట్టుకుని తీగ మీద కూర్చుంటది, లోపల పిల్లలు ఆకలితో ఉంటయి. ఐదు నిమిషాలు దాటినా లోపలికి పోలేదంటే తప్పు మీ కూర్చున్న చోటుది. లేచి పక్కకు జరగండి. ఇంకో మాట, ఇసుక ట్రాక్టర్లు తిరిగే వాగుల్లో ఒడ్డు ఎప్పుడు కూలుతదో చెప్పలేం. బొరియల పైన అంచు మీద నిలబడొద్దు, మీకూ ప్రమాదం, వాటికీ ప్రమాదం.

గిజిగాని సంగతి జూన్‌లో మళ్లా కూర్చుని మాట్లాడుకుందాం, కానీ ఒక్కటి ఇప్పుడే చెప్పాలె. బావి మీద వంగిన ఈతచెట్టుకు ముప్పై గూళ్లు కనపడితే ముప్పై జంటలు అని రాస్తున్నరు. కాదండీ. అల్లేది మగది. సగం దాకా, టోపీలాగ అల్లేసరికి ఎనిమిది రోజులైతది. అప్పుడు ఆడది వచ్చి చూస్తది. నచ్చితేనే మగది మిగతాది అల్లి కింద గొట్టం దించుతది, మొత్తం పద్దెనిమిది రోజుల దాకా పడతది. నచ్చకపోతే అది అట్లనే వేలాడుతది. పైగా ఒక మగదానికి రెండు మూడు గూళ్లుంటయి. కాబట్టి మూడు అంకెలు వేరువేరుగా రాయాలె. టోపీ దశవి ఎన్ని, గొట్టం దిగిన పచ్చివి ఎన్ని, పోయినేటి ఎండు గూళ్లు ఎన్ని. ఎండు గూట్లోంచి పిట్ట బయటకొస్తే గిజిగాడే అనుకోవద్దు, మునియాలనే చిన్న పిట్టలు పాత గూళ్లలో దూరి గుడ్లు పెడ్తయి.

ఊరి చింతచెట్ల మీద కొంగల గూళ్లు కూడా వానకాలం పనే. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టండి, ఒకరి అంకె ఒకరికి చెప్పొద్దు, రెండూ రాయండి. సగటు తియ్యొద్దు. ఆ తేడా చూస్తేనే ఆకుల చాటున ఎన్ని తప్పిపోతున్నయో అంచనా వస్తది.

ఇగ ఫొటోలు. గూడు ఫొటో, ఊరి పేరు, లొకేషన్ – ఈ మూడు కలిపి ఏ వాట్సాప్ గ్రూపులో పెట్టినా అది పట్టుకునేవాళ్ల చేతికి పోతది. పెద్ద గుడ్లగూబ తావుకు పోవద్దన్నది అందుకే. మంత్రాలకు, తంత్రాలకు దాన్ని పట్టి అమ్మేవాళ్లున్నరు, దీపావళి ముందు ఇంకా ఎక్కువ. మీకు తెలిసిన తావుంటే మీలోనే పెట్టుకోండి, సమన్వయకర్తకు ఒక్కరికే చెప్పండి. సర్వే కార్డులు కూడా బహిరంగంగా పెట్టం, జిల్లా మొత్తం అంకెలే బయటకొస్తయి.

చెల్క దున్నే రైతులతో ఎట్ల మాట్లాడాలని ఇందాక ఒకరడిగిన్రు. వేసవి దుక్కులప్పుడు, రోహిణి కార్తెలో మొదటి వాన పడగానే ట్రాక్టర్ వస్తది. గూడు ఉన్న చెల్క రైతును ముందే కలవండి. రెండు మీటర్ల ముక్క వదిలి దున్నమని అడగండి, ఇన్ని రోజుల్లో పిల్లలు పోతయి, తర్వాత దున్నుకోవచ్చని తేదీతో సహా చెప్పండి. ఉత్తగ ‘పిట్టను కాపాడండి’ అంటే వినే ఓపిక ఆ పని తొందరలో ఎవరికీ ఉండదు. తేదీ చెప్తే చాలామంది ఒప్పుకుంటరు. ట్రాక్టర్ నడిపే తమ్మునికి కూడా తావు చూపియ్యాలె, ఎందుకంటే రైతు ఒప్పుకున్నా దున్నేది అతను. గుడ్లు మనమే జరిపి గట్టు మీద పెడ్తం అనొద్దు. చట్టం ఒప్పుకోదు, పిట్ట కూడా అక్కడికి రాకపోవచ్చు.

అమ్మా, మీరడగండి… కింద పడ్డ పిల్లను ఏం చెయ్యాలె అంటున్నరు. మంచి ప్రశ్న, రేపటినుంచి మీ అందరికీ ఫోన్లొస్తయి దీని మీద. ఒంటి నిండా ఈకలుండి, తోక కురుచగా ఉండి, గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. ఇంటికి తీసుకపోవద్దు. పిల్లి, కుక్క అందుకోకుండ పక్కనున్న పొద మీద పెట్టి దూరం జరగండి, తల్లి పిలుపు విని వస్తది. ఈకలు రాని పిల్లయితే, గూడు అందేటట్టుంటే మెల్లగ తిరిగి గూట్లో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తదనేది నిజం కాదు. నోట్లో నీళ్లు మాత్రం పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తది. గూడు అందకపోతే, పిల్లకు దెబ్బ తగిలితే అటవీశాఖ వాళ్లకు చెప్పండి. అది మన సర్వే గూళ్లలోదే అయితే గూడు నంబరు, తేదీ, ఎన్ని గంటలకు దొరికింది, తిరిగి పెట్టినంక తల్లి వచ్చిందా లేదా అన్నది కార్డు వెనుక రాయండి. పెన్ను వద్దు, పెన్సిల్‌తో. వానకు తడిస్తే సిరా పోతది.